నిలబడి కొలిచిన కోటు కూర్చుంటే ఎందుకు బిగుస్తుంది? వైకల్య స్పృహతో రంగస్థల దుస్తులు నేర్పడం

నిలబడి ఉన్నప్పుడు చక్కగా అమరిన కోటుతో ఒకసారి కుర్చీలో కూర్చోండి. పొట్ట దగ్గర గుడ్డ మడతలు పడి ముందు భాగం గడ్డం వైపు ఎగదన్నుతుంది. వెనక అంచు తొడల కింద ఇరుక్కుని కాలరును కిందికి లాగుతుంది. చేతులు ముందుకు చాపగానే వీపు బిగుస్తుంది. నడిచే నటుడు వేదిక మీద కాసేపు కూర్చుని లేచిపోతాడు కాబట్టి కుట్టేవాళ్లు దీన్ని పట్టించుకోరు. వీల్‌చైర్ వాడే నటి మాత్రం రెండున్నర గంటల ప్రదర్శన మొత్తం ఆ కోటులో కూర్చునే ఉంటుంది. ఊపిరి సరిగా ఆడక మూడో రంగానికి ఆమె స్వరం సన్నబడితే తప్పు ఆమె గొంతులో వెతుకుతారు. కోటు కటింగులో వెతకాలని చాలామందికి తోచదు.

నాటక శిక్షణలో 'సమ్మిళిత ఆహార్యం', అంటే అన్ని రకాల శరీరాలనూ కలుపుకుపోయే వేషధారణ అనే మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. గుండీలు తీసేసి వెల్‌క్రో కుట్టడమే అది అని కొందరి అభిప్రాయం. నటులతో ఎలా మాట్లాడాలో చెప్పే మర్యాద పాఠం అని ఇంకొందరు అనుకుంటారు. వేషధారణ కళకు కొత్త సంకెళ్లు పడుతున్నాయని భయపడేవాళ్లూ ఉన్నారు. పనిలో దిగి చూస్తే ఇది అన్నిటికంటే ముందు కొలతల విషయం. దుస్తులు పూర్తయ్యాక చివర్లో చేసే ఆల్టరేషన్‌గా కాకుండా, టేపు చేతిలోకి తీసుకున్న క్షణం నుంచే నేర్పాల్సిన విషయం.

వాడుకలో ఉన్న మాటలు, వాటి మధ్య తేడా

వైకల్యాన్ని రెండు రకాలుగా చూడవచ్చు. మొదటిది వైద్య దృష్టి: సమస్య శరీరంలో ఉంది, దాన్ని బాగుచేయాలి లేదా కప్పాలి. రెండోది సామాజిక దృష్టి: శరీర స్థితి ఒకటి, చుట్టూ ఉన్న ఏర్పాట్లు కల్పించే అడ్డంకి మరొకటి. ఈ రెంటినీ విడదీసి చెప్పిన తొలి ప్రకటన 1976లో బ్రిటన్‌లోని వికలాంగుల సంఘం ఒకటి వెలువరించింది. 1983లో బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త మైక్ ఆలివర్ దానికి 'సామాజిక నమూనా' అని పేరు పెట్టారు. దుస్తుల విషయానికి వస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఒక చేత్తోనే పనులు చేసుకునే నటుడు వీపు మీద జిప్పు ఉన్న అంగీని తనంతట తాను వేసుకోలేకపోతే, మొదటి దృష్టికి సమస్య ఆ చెయ్యి, రెండో దృష్టికి ఆ జిప్పు. జిప్పును మార్చడం మన చేతిలో పని.

'అనుకూల దుస్తులు' అంటే ఒక ప్రత్యేక అవసరానికి తగ్గట్టు మార్చిన రోజువారీ బట్టలు. 'సార్వత్రిక రూపకల్పన' అంటే మొదటి నుంచే వీలైనంత ఎక్కువమందికి పనికొచ్చేలా తయారు చేయడం. ఆ పేరు వాడుకలోకి తెచ్చిన రొనాల్డ్ మేస్ వాస్తుశిల్పి, స్వయంగా వీల్‌చైర్ వాడిన మనిషి. ఆయన బృందం 1997లో దానికి 7 సూత్రాలు ప్రకటించింది. రంగస్థల దుస్తులకు ఈ రెండూ పూర్తిగా సరిపోవు. ఇక్కడ బట్ట సౌకర్యంగా ఉంటే చాలదు, పాత్రను చెప్పాలి, దూరం నుంచి కనబడాలి, దీపాల కింద నిలవాలి, రంగానికి రంగానికి మధ్య క్షణాల్లో మారాలి. సమ్మిళిత ఆహార్యం అంటే ఈ పనులన్నీ చేస్తూనే, వేసుకునే శరీరానికి అడ్డు రాని వేషం.

ఇది నిన్న మొన్న పుట్టిన అవసరం కాదు. అమెరికాలో బధిరుల జాతీయ రంగస్థలం 1967లో, బ్రిటన్‌లో వికలాంగ నటుల నాటక సంస్థ గ్రే-ఐ 1980లో, వైకల్యం ఉన్నవారూ లేనివారూ కలిసి ఆడే కాండోకో నృత్య బృందం 1991లో మొదలయ్యాయి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 2008లో అమల్లోకి వచ్చింది. దాని 30వ అధికరణ సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు గురించి చెబుతూ, సృజనశక్తిని పెంచుకుని వాడుకునే అవకాశం ఆ వ్యక్తుల కోసమే కాక సమాజ సంపన్నత కోసం కూడా అని స్పష్టం చేసింది. 2019లో ఆలీ స్ట్రోకర్ అమెరికా రంగస్థల పురస్కారమైన టోనీని అందుకున్న తొలి వీల్‌చైర్ నటి అయ్యారు. నటులు వేదిక మీదికి వచ్చేశారు. కుట్టుగదిలో నిలబెట్టిన బొమ్మ మాత్రం ఇంకా నిటారుగా, కుడి ఎడమలు సమానంగానే ఉంది.

కూర్చున్న శరీరానికి కొలత: ఒక లెక్క

దర్జీలు బ్లాక్ అనే మూల నమూనా ఒక ఊహ మీద నిలబడి ఉంటుంది. మనిషి నిటారుగా నిలబడి ఉంటాడు, చేతులు పక్కలకు వేలాడుతుంటాయి, రెండు వైపులా ఒకటే కొలత. తుంటి దగ్గర శరీరం వంగగానే ముందు వైపు దూరం తగ్గుతుంది, వెనక వైపు పెరుగుతుంది. తొడలూ పిరుదులూ పక్కలకు పరుచుకుంటాయి. మోకాలు వంగడం వల్ల ప్యాంటు పైకి లాక్కుపోతుంది.

ఒక నటుడి కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం. పడుకోబెట్టి తీసుకుంటే నడుము 84 సెంటీమీటర్లు, పిరుదుల చుట్టుకొలత 98, నడుము పక్క నుంచి మడమ దాకా 102. ఆయన కుర్చీలోనే, పాదాలు ఫుట్‌రెస్ట్ మీద ఉంచి కొలిస్తే నడుము 89, పిరుదులు 104, పక్క నుంచి మోకాలి మీదుగా మడమ దాకా 108. ఇక్కడ విద్యార్థులు సాధారణంగా చేసే పని రెండు సైజులు పెద్ద ప్యాంటు తీసుకోవడం. అప్పుడు ఒడిలో గుడ్డ పోగుపడుతుంది, వెనక నడుము పట్టీ మాత్రం ఇంకా కిందికి జారి వీపు కనబడుతుంది. అవసరమైంది అన్ని వైపులా ఎక్కువ గుడ్డ కాదు. ఉన్న గుడ్డ ముందు నుంచి వెనక్కి మారడం.

ఈ నటుడికి నడుము రేఖను ముందు మధ్యలో 5 సెంటీమీటర్లు దించాలి. ఆ తగ్గింపు పక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి సున్నా కావాలి. వెనక మధ్యలో 6 సెంటీమీటర్లు ఎత్తాలి. కాలి పొడవుకు 6 కలపాలి. నడుములో పెరిగిన 5 సెంటీమీటర్లను ముందు వేయకుండా వెనక పట్టీలో ఎలాస్టిక్‌గా ఇవ్వాలి. తర్వాత వెనక జేబులు తీసేయాలి, లోహపు రివిట్లు తీసేయాలి, కూర్చునే చోట దళసరి కుట్టు లేకుండా పలచగా పరిచి కుట్టాలి. ఈ అంకెలు ఈ ఒక్క నటుడివే. వెన్నెముక వంపు, కుర్చీ వాలు, కింద దిండు మందం బట్టి ప్రతి ఒక్కరికీ మారతాయి.

జేబులు, కుట్లు తీసేయడం అందం కోసం కాదు. వెన్నుపాము గాయం అయిన చాలామందికి కింది భాగంలో స్పర్శ ఉండదు. ఒక గుండీ, ఒక మడత ఒత్తుతున్నా తెలియదు. కొద్ది గంటల్లోనే చర్మం దెబ్బతిని ఒత్తిడి పుండు మొదలుకావచ్చు, మానడానికి నెలలు పట్టవచ్చు. అందుకే తొలి ట్రయల్‌లో అరగంట కూర్చున్నాక బట్ట తీసి ఎర్రబడిన చోటు ఉందో లేదో నటుడో ఆయన సహాయకుడో చూసుకోవాలి. ట్రయల్‌లో గుండుసూదులు వాడకూడదు. స్పర్శ లేని చోట సూది దిగితే ఎవరికీ తెలియదు. క్లిప్పులు వాడాలి, లేదా ముతక కుట్టు వేసి చూడాలి.

ఇంకో విషయం ప్రతి విద్యార్థికీ తెలిసి తీరాలి. వీపు పైభాగంలో, అంటే ఛాతీ ప్రాంతపు ఆరో వెన్నుపూస స్థాయిలోగానీ అంతకు పైనగానీ గాయం అయినవారికి బిగుతైన బెల్టు, కార్సెట్ (నడుమును తాళ్లతో బిగించే లోదుస్తు), బూటు లాంటివి కూడా రక్తపోటును ఒక్కసారిగా ప్రమాదకరంగా పెంచవచ్చు. తీవ్రమైన తలనొప్పి, ముఖం ఎర్రబడటం, గాయానికి పైన చెమట దాని గుర్తులు. అప్పుడు చేయాల్సిన మొదటి పనుల్లో ఒకటి మనిషిని నిటారుగా కూర్చోబెట్టి బిగుతైన బట్టలు వదులు చేయడం, తగ్గకపోతే వెంటనే వైద్య సహాయం. కార్సెట్ వేయాల్సి వస్తే వెనక తాళ్లు ఎంత అందంగా ఉన్నా, ముందు నుంచి ఒక్క లాగుతో విడిపోయే దారి ఉండి తీరాలి. వీరిలో చాలామందికి చెమట పట్టడం ద్వారా ఒళ్లు చల్లబడదు కూడా. దీపాల వేడిలో దళసరి ఉన్ని అంగీ వారికి మామూలు ఇబ్బంది కాదు. ఉన్నిలా కనబడే పలచని గుడ్డ, కింద లైనింగ్ లేని వీపు భాగం ఇక్కడ పనికొస్తాయి.

కోటు సంగతి ఇక తేలిక. ముందు అంచు ఒడి దగ్గర ఆగాలి, వెనక అంచు సీటుకు కాస్త పైనే ఆగాలి. రాజుకు పొడవాటి అంగవస్త్రం కావాలంటే దాన్ని విడి ముక్కగా కుట్టి కుర్చీ వీపుకు ప్రెస్ బటన్లతో తగిలించవచ్చు, చక్రానికి కనీసం జానెడు దూరంలో ఉంచి. ఘాగ్రా లాంటి వెడల్పు లంగా చక్రంలో చిక్కుకుంటే కుర్చీ ఒక్కసారిగా ఆగి మనిషి ముందుకు పడతారు. లంగా అంచును ఫుట్‌రెస్ట్‌కు కట్టేయడం అనే చిట్కా కొందరు చెబుతారు. కుర్చీ దిగే క్షణంలో అదే ఉచ్చు అవుతుంది కాబట్టి వద్దు. వెడల్పంతా మోకాళ్ల మధ్య పడేలా ముందు పలకల్లో ఇచ్చి, పక్క పలకలు సన్నగా కోయాలి. చేతి చివర లేసు ఉంటే చక్రపు అంచు మీద నల్లబడి, చిరిగి, లోపలికి లాక్కుపోతుంది. మణికట్టు దగ్గర సన్నబడే చెయ్యి, ముంజేతి లోపలి వైపు రెండో పొర, చంక కింద చతురస్రపు ముక్క, వీపుకు రెండు వైపులా 4 సెంటీమీటర్ల ప్లీటు ఉంటే కుర్చీ తోసేటప్పుడు బట్ట అడ్డు రాదు. ట్రయల్‌లో అద్దం ముందు కూర్చోబెట్టి 'బాగుంది' అనుకుంటే చాలదు. పది మీటర్లు వేగంగా తోయించి, ఆపించి, వెనక్కి తిప్పించి, కుర్చీ నుంచి మంచం మీదికి మారించి చూడాలి.

పరికరాలున్న చోట ఏం తప్పుతుంది

కృత్రిమ కాలు విషయంలో అందరూ ప్యాంటు గురించి ఆలోచిస్తారు. చిక్కు చెప్పులో ఉంటుంది. కృత్రిమ పాదాన్ని ఒక నిర్దిష్టమైన మడమ ఎత్తుకు సరిచేసి బిగిస్తారు. మడమకూ వేళ్లకూ మధ్య 1 సెంటీమీటరు తేడాకు సరిచేసిన పాదానికి 4 సెంటీమీటర్ల హీల్ తొడిగితే కాలు మొత్తం ముందుకు వాలుతుంది. నిరంతరం పల్లం దిగుతున్నట్టుంటుంది, మోకాలు ఉన్నట్టుండి వంగిపోవచ్చు. అంతకంటే చదునైన చెప్పు వేస్తే మోకాలు వెనక్కి నొక్కుకుంటుంది, ఎత్తు ఎక్కుతున్నట్టుంటుంది. పాత్రకు ఎత్తు మడమ తప్పదనుకుంటే వేళ్ల కింద కూడా 3 సెంటీమీటర్ల మందం ఇవ్వాలి. మడమ 4, వేళ్లు 3, తేడా మళ్లీ 1. ప్రేక్షకుడికి ఎత్తు మడమే కనిపిస్తుంది. నటుడి అడుగు తడబడదు. కొన్ని పాదాలకు ఎత్తు మార్చుకునే బటన్ ఉంటుంది, అదీ అడిగి తెలుసుకోవాలి. ప్యాంటుకైతే లోపలి కుట్టులో మోకాలి పైదాకా జిప్పు పెడితే సరిపోతుంది. కాలు తొడిగే గిన్నెలాంటి భాగం సాయంత్రానికి వదులు కావడమో బిగుసుకోవడమో మామూలే, దాన్ని విరామంలో సరిచేసుకోవడానికి ఆ జిప్పు దారి ఇస్తుంది.

చెవి వెనక పెట్టుకునే వినికిడి యంత్రం మైకు చెవి పైభాగంలో ఉంటుంది. దాన్ని విగ్గు కప్పేస్తే పెద్దదైన శబ్దం తిరిగి మైకులోకే వెళ్లి కీచుమంటుంది, మాటలు మూసుకుపోయినట్టు వినబడతాయి. విగ్గు లోపలి టోపీకి ఆ భాగంలో దళసరి అల్లిక బదులు వల గుడ్డ పెట్టాలి. శస్త్రచికిత్సతో లోపల అమర్చే వినికిడి పరికరమైన కాక్లియర్ ఇంప్లాంట్‌కు ఇంకో చిక్కు ఉంది. చర్మం పైన ఉండే చుట్ట అయస్కాంతంతో లోపలి భాగానికి అతుక్కుని ఉంటుంది. బరువైన కిరీటం తగిలితే ఊడిపడుతుంది, ఇనుప పిన్నులు దానికి అంటుకుంటాయి. టోపీ లోపల దాని ఆకారంలో చిన్న గూడు కుట్టి, చుట్టుపక్కల ఇనుప పిన్నులు లేకుండా చూడాలి. విగ్గు ట్రయల్ అంటే అద్దంలో చూడటమే కాదు. తోటి నటుడు వెనక నుంచి డైలాగు చెప్పాలి, ఈయన విని జవాబివ్వాలి.

పొట్ట మీద స్టోమా సంచి (శస్త్రచికిత్సతో చేసిన రంధ్రం నుంచి మలమో మూత్రమో చేరే సంచి) ఉన్నవారికి బెల్టు సరిగ్గా ఆ చోటునే దాటితే సంచి నిండటానికి చోటుండదు, అతుకు ఊడి కారుతుంది. కూర్చున్నప్పుడు ఆ చోటు కదులుతుంది కాబట్టి రెండు భంగిమల్లోనూ గుర్తించి నడుము రేఖను దానికి పైకో కిందికో జరపాలి. గొంతు దగ్గర శ్వాసనాళ రంధ్రం ఉంటే ఆ చుట్టుపక్కల ఈకలు, బొచ్చు, మెరుపు పొడి, ముఖ పౌడరు ఏవీ ఉండకూడదు. దీంట్లో రాజీ లేదు.

బిగించే భాగాలు, 50 క్షణాల మార్పు

వెల్‌క్రో గురించి ముందుగా. అది ఊడదీసినప్పుడు వచ్చే శబ్దం నిశ్శబ్ద రంగంలో తెర వెనక నుంచి చివరి వరుస దాకా వినబడుతుంది. గరుకు వైపు చర్మం మీదికి వస్తే గీరుతుంది, అల్లిక బట్టను లాగేస్తుంది. మూయకుండా ఉతికితే నూలుపోగులు నిండి పట్టు వదిలేస్తుంది. పొడవాటి పట్టీ ఒక చేత్తో సరిగా కలవదు కూడా. రెండున్నర సెంటీమీటర్ల చదరపు ముక్కలు నాలుగు కుట్టడం మేలు. అయస్కాంతపు గుండీలు నిశ్శబ్దంగా, తేలికగా పడతాయి. గుండె పేస్‌మేకర్ ఉన్నవారికి మాత్రం ఛాతీ మీద అవి పనికిరావు, కనీసం 15 సెంటీమీటర్ల దూరం పాటించాలి. కాక్లియర్ ఇంప్లాంట్ దగ్గరా అంతే జాగ్రత్త. జిప్పుకు వేలు పట్టే రింగు తగిలిస్తే కీళ్లనొప్పులున్న చేతికి సులువు. బయటికి పాతకాలపు గుండీలే కనబడాలంటే కాజాలు కుట్టేసి గుండీలను పైన అలంకారంగా బిగించి, కింద ప్రెస్ బటన్లు పెడతారు. ప్రేక్షకుడు ఎప్పటికీ గుర్తుపట్టడు.

ఎడమ చెయ్యి మాత్రమే బలంగా ఆడే నటుడు సైనికుడి చొక్కా తీసి మామూలు చొక్కాలోకి 50 క్షణాల్లో మారాలనుకుందాం. విప్పేటప్పుడు బలమైన చెయ్యి ముందు బయటికి రావాలి, వేసేటప్పుడు బలహీనమైన చెయ్యి ముందు లోపలికి వెళ్లాలి. ఈ క్రమం తిరగబడితే భుజం మెలిపడుతుంది, సమయమూ పోతుంది. కొత్త చొక్కా కుడి చెయ్యిని చివరి దాకా చుట్టి కుర్చీ వీపుకు తగిలించి ఉంచాలి. దాన్ని తొడుక్కోవడానికి 15 క్షణాలు, వీపు మీదుగా లాగి ఎడమ చెయ్యి దూర్చడానికి 10, ముందు నాలుగు ముక్కలు నొక్కడానికి 10. సైనిక చొక్కా విప్పడానికి మిగిలింది 15. అంటే ఆ చొక్కా ముందు భాగం ఒక్క లాగుతో తెరుచుకోవాలి. ఇలా లెక్క వేస్తే ఏ బట్టకు ఏ బిగింపు కావాలో రూపకల్పన దశలోనే తేలుతుంది. డ్రెస్సర్, అంటే వేషం తొడిగించే సహాయకుడు, ఎక్కడ చేయి వేయాలో, ఎక్కడ వేయకూడదో నటుడే చెప్పాలి. ఆతృతలో బలహీనమైన చేతిని పట్టి లాగడం వల్ల జరిగే గాయాలు చిన్నవి కావు.

స్పర్శ, చూపు, సంజ్ఞ

ఆటిజం ఉన్న కొందరు నటులకు మెడ వెనక లేబుల్ కాదు, దాన్ని కత్తిరించాక మిగిలిన గరుకు మొదలే ఎక్కువ గుచ్చుకుంటుంది. లేబుల్‌ను కుట్టుతో సహా విప్పాలి. గంజి పెట్టిన గుడ్డ, కొత్త బట్ట వాసన, మెడ బిగుతు కూడా మనసును డైలాగు మీద నిలవనీయకపోవచ్చు. రూపకల్పన మొదటి వారంలోనే వాడబోయే గుడ్డ ముక్క ఇచ్చి ఒంటికి తాకించి చూసుకోమనడం, బట్టను రెండుసార్లు ఉతికాకే ట్రయల్ పెట్టడం, కుట్లు బయటికి వచ్చేలా తిప్పి కుట్టడం ఖర్చు లేని పనులు. దుస్తులు చివరి రిహార్సల్ రోజు హఠాత్తుగా తొడిగితే ఎంత మంచి బట్ట అయినా పనికిరాదు.

చూపు లేని నటులకు అన్నిటికంటే ముఖ్యం స్థిరత్వం. స్టాండు మీద దుస్తుల వరుస ఒక్కసారి నిర్ణయిస్తే ఎవరూ మార్చకూడదు. ఒక్కో వేషానికి హ్యాంగర్ మీద ముడుల సంఖ్యతోనో బ్రెయిలీ చీటీతోనో గుర్తు, ముందు వైపుకు లోపల చేతికి తగిలే చిన్న దారపు ముడి ఉంటే చాలు. తక్కువ చూపు ఉన్నవారికి నల్ల తెర ముందు నల్ల దుస్తుల్లో ఉన్న సహనటుడు కనబడడు. చేతి అంచుకు లేత రంగు పట్టీ ఒకటి కుడితే కనబడతాడు.

సంజ్ఞా భాషలో నటించేవారికి చొక్కా ముందు భాగమే తెర. చేతులు దాని మీదే కనబడాలి కాబట్టి చర్మపు రంగుకు ఎదురు రంగు, సాదా గుడ్డ కావాలి. గళ్లు, చారలు, మెరుపులు, పెద్ద ఉంగరాలు చేతి ఆకారాన్ని చెరిపేస్తాయి. గంటలా వెడల్పయిన చేతులు వేళ్ల మీదికి జారతాయి. పెదాల కదలిక చూసి అర్థం చేసుకునే సహనటులుంటే పెదవిని కప్పే పెట్టుడు మీసాన్ని కత్తిరించాలి. ప్రదర్శనలో అనువాదకులు వేదిక మీదే ఉంటే వారినీ ఆ నాటక ప్రపంచపు దుస్తుల్లోనే చూపడం ఇప్పుడు పెరుగుతున్న పద్ధతి.

పొట్టి దేహం ఉన్న పెద్దవారికి పిల్లల సైజు బట్టలు ఇవ్వడం ఇంకా జరుగుతోంది. చాలామందిలో మొండెం పొడవు పెద్దవారి కొలతకు దగ్గరగా ఉండి చేతులు, కాళ్లు కురచగా ఉంటాయి. పిల్లల చొక్కా ఛాతీ దగ్గర పట్టదు, భుజాలు ఇరుకవుతాయి. కొలత తప్పు, గౌరవమూ పోతుంది.

అడగాల్సింది ఏమిటి, అడగకూడనిది ఏమిటి

'మీకేమైంది?' అన్న ప్రశ్నతో దుస్తులకు పని లేదు. రోగం పేరు తెలిసినా ప్యాంటు ఎలా కోయాలో తెలియదు. అసలు అవసరమైనవి ఇలాంటి ప్రశ్నలు: మీ బట్టల్లో మీకు అన్నిటికంటే నచ్చిన చొక్కా ఏది, ఎందుకు? ఎక్కడ బిగుతు పనికిరాదు? స్పర్శ తెలియని చోట్లు ఉన్నాయా? ఒంటి మీద ఎప్పుడూ ఉండే పరికరం ఏదైనా ఉందా? వేసుకోవడంలో ఎంత సాయం కావాలి, ఎవరి నుంచి? రోజును బట్టి, పూటను బట్టి ఒంట్లో మార్పు ఉంటుందా? ఈ ప్రశ్నలు నటులందరినీ అడగాలి. ఒక్కరినే అడిగితే వేలెత్తి చూపినట్టవుతుంది, అందరినీ అడిగితే కనబడని నొప్పులున్నవారూ బయటపడి చెబుతారు. జవాబులు దుస్తుల విభాగం దాటి పోకూడదు.

ట్రయల్ గదిలో ముట్టుకునే ముందు చెప్పాలి, చూపు లేనివారికి ఎక్కడ ముట్టుకుంటున్నామో కూడా చెప్పాలి. వీల్‌చైర్‌ను ఆ మనిషి శరీరంలో భాగంగానే చూడాలి, దాని మీద టేపులు, బట్టలు వేలాడదీయకూడదు. సమయం కూడా ముందే లెక్క వేయాలి. 45 నిమిషాల ట్రయల్‌కు 90 నిమిషాలు, రెండు ట్రయల్స్ చోట మూడు ట్రయల్స్ పెట్టుకుంటే హడావుడి ఉండదు.

ఏకాభిప్రాయం లేని చోట్లు

వీల్‌చైర్‌ను దాచాలా, అలంకరించాలా, అలాగే వదిలేయాలా? పాత్ర యుగానికి తగ్గట్టు రథంలా మార్చితే కుర్చీ కథలో కలిసిపోతుందని కొందరి వాదన. ప్రతిసారీ అలంకరించడమంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేకపోవడమేనని ఇతరుల అభ్యంతరం. రెండిట్లోనూ నిజం ఉంది. తుది మాట కుర్చీ యజమానిది. సాంకేతిక హద్దులు మాత్రం అందరికీ ఒకటే: రంగు పూయకూడదు, తీసేయగలిగే తొడుగులే వాడాలి, బ్రేకులకు, ముందు చిన్న చక్రాలకు ఏమీ తగలకూడదు, వెనక బరువు పెరిగితే కుర్చీ వెనక్కి ఒరుగుతుంది.

చరిత్రకు కట్టుబడటం మీద కూడా వాదన ఉంది. బిగించిన కార్సెట్ నటి నడకను, ఊపిరిని మారుస్తుంది, ఆ మార్పు పాత్రలో భాగమని సంప్రదాయ కుట్టు నిపుణులు అంటారు. ఆ మాట నిజమే. బయటి ఆకారాన్ని అలాగే ఉంచి లోపల సాగే పలకలు, గట్టి బద్దల బదులు వంగే మెత్తని బద్దలు పెడితే వేదిక దూరం నుంచి తేడా కనబడదన్నది రెండో పక్షం. నాటకశాల పరిమాణం బట్టి జవాబు మారుతుంది. చివరి వరుసకు ఆడే నాటకంలో రెండో పక్షానిది పైచేయి, మూడడుగుల దూరంలో కూర్చున్న ప్రేక్షకుల ముందు మొదటి పక్షం వాదనకు బలం ఎక్కువ.

అన్నిటికంటే పదునైన వాదం, వైకల్యం లేని నటుడికి గూనిని, కుంటి నడకను దుస్తులతో తయారు చేసివ్వడం గురించి. నటన అంటేనే మరొకరు కావడం అని ఒక వైపు. వైకల్యం ఉన్న నటులకు వేరే పాత్రలూ దక్కక, ఆ పాత్రలూ దక్కకపోతే వారికి మిగిలేదేమిటన్నది మరో వైపు. కొందరు అధ్యాపకులు గూని తయారీ పాఠాన్నే తీసేశారు. మరికొందరు ఉంచి, ఆ ఆకారం వేదిక మీద దుర్మార్గానికో జాలికో గుర్తుగా ఎలా వాడబడిందో దాంతో పాటే చర్చిస్తున్నారు. రెండో దారిలో విద్యార్థికి పనితనమూ తెలుస్తుంది, దాని బరువూ తెలుస్తుంది.

తరగతి గదిలో ఏం చేస్తే అబ్బుతుంది

కళ్లకు గంతలు కట్టి, అరువు వీల్‌చైర్లో గంటసేపు తిప్పి 'అనుభవం' ఇచ్చే అభ్యాసం చాలా చోట్ల ఉంది. అది ఆసక్తిని రేకెత్తిస్తుందని దాన్ని సమర్థించేవారు అంటారు. కొత్తగా గంతలు కట్టుకున్నవాడికి తెలిసేది తడబాటు మాత్రమే, ఏళ్ల తరబడి అలా జీవించే మనిషి నైపుణ్యం కాదు, చివరికి మిగిలేది జాలి అని వైకల్య హక్కుల కార్యకర్తలు చాలాకాలంగా చెబుతున్నారు. దుస్తుల తరగతికి అంతకంటే సూటి మార్గం ఉంది. విద్యార్థులు ఒకరినొకరు నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి కొలిచి, తేడాల పట్టిక తయారు చేయాలి. తన నడుమే కూర్చుంటే ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో చూసిన విద్యార్థి మూల నమూనాను మళ్లీ నమ్మడు. తర్వాత కోరా గుడ్డతో కూర్చున్న శరీరానికి ప్యాంటు కుట్టాలి. ఒక బిగింపును ఒక చేత్తో వేసి చూడటం వేరు, అది బట్టకు పెట్టే పరీక్షే గాని వైకల్యం ఉన్న మనిషిగా నటించడం కాదు.

ఈ పాఠాన్ని ఏడాది చివర్లో ఒక అతిథి ఉపన్యాసంగా పెడితే విద్యార్థులు దాన్ని అదనపు విషయంగానే గుర్తుంచుకుంటారు. మొదటి కటింగ్ తరగతిలోనే సమాన కొలతల శరీరంతో పాటు వెన్ను వంగిన శరీరానికి కుడి ఎడమలు విడివిడిగా గీయించాలి. అనుభవమున్న వికలాంగ నటులను ట్రయల్ నమూనాలుగా, సలహాదారులుగా పిలిచి మిగతా నిపుణులకిచ్చేంత పారితోషికం ఇవ్వాలి. కుట్టుగది కూడా చూసుకోవాలి, ఎందుకంటే రూపకర్త కావాలనుకునే విద్యార్థే వీల్‌చైర్‌లో రావచ్చు. ఎత్తు మార్చుకునే కటింగ్ బల్ల, కింద మోకాళ్లకు చోటు, ఎలక్ట్రిక్ కత్తెర, సూదిలో దారం ఎక్కించే పరికరం, మోచేత్తోనో చేతి బటన్‌తోనో నడిచే మిషన్ ఉంటే ఆ విద్యార్థి గుమ్మం దగ్గరే ఆగిపోనక్కర్లేదు.

మార్కులు వేసేటప్పుడు గీసిన బొమ్మ అందంతో పాటు మూడు విషయాలు చూడాలి: నటుడు తన మాటల్లో చెప్పిన అవసరాలు కటింగులో ఎక్కడ కనబడుతున్నాయి, పూర్తి కదలికలో బట్ట ఏం చేసింది, డ్రెస్సర్ కోసం రాసిన కాగితం చదివి కొత్త మనిషి ఈ వేషాన్ని తొడిగించగలడా. ఆ కాగితంలో తొడిగే క్రమం, తాకకూడని చోట్లు, పరికరాల జాగా, ఉతికేటప్పుడు వెల్‌క్రో మూయాలన్న చిన్న మాట కూడా ఉండాలి. అదే పాత్రకు వీల్‌చైర్ వాడే మరో నటుడు ప్రత్యామ్నాయంగా వస్తే ఆ కాగితం సగమే పనికొస్తుంది. ఆయన కుర్చీ వేరు, కూర్చునే తీరు వేరు, స్పర్శ ఉన్న చోట్లు వేరు. ప్యాంటును ఆయనకు సాగదీసి సరిపెట్టరు. ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లి మొదటి కొలత నుంచి మళ్లీ తీసుకుంటారు.